సంతకముతో పని తీరదు



ఆయుధము పట్టినవారితో ప్రభుత్వము కూర్చుండి మాటలాడవచ్చునా, కూడదా అను ప్రశ్న తెలుగునాట ఏబది యేండ్లకు పైబడి నలుగుచున్నది. 2025లో అడవులలో జరిగిన కాల్పులను, ఆ యేటనే గుంపులు గుంపులుగా జరిగిన లొంగుబాటులను చూచి, ఇక ఆ ప్రశ్నకు పని లేదని పలువురు తీర్పు చెప్పివేసినారు. మన ప్రాంతమున సైతము పెండ్లి పందిళ్ళలోను, అంగళ్ళ అరుగుల మీదను ఇదే మాట వినబడుచున్నది. "ఆ గొడవ తీరిపోయినది. తీరకపోయినను అది ఆంధ్ర, తెలంగాణముల వారి గొడవ. గుడియాత్తములో మగ్గము నేయించువారికిని, మోర్ధానా నీటితో మడి తడుపుకొనువారికిని దానితో నేమి పని?" అని అడుగుచున్నారు. ఈ రెండు మాటలును తప్పని మేము నమ్ముచున్నాము. ఎందుచేత తప్పో విన్నవించుటకే ఈ వ్యాసము.

మా వాదమును ముందుగనే స్పష్టపరచెదము. ప్రభుత్వమునకును, తిరుగుబాటు వర్గమునకును నడుమ కుదిరిన మాట నిలువవలెనన్నచో, దానిని అమలు జరుపు యంత్రము ఆ మాటతోడనే పుట్టవలెను. అంశమంశమునకు గడువు, తనిఖీ చేయు మూడవ మనిషి, ఆ మనిషికి తగిన అధికారము, మాట తప్పినవారి పేరు ప్రజల ఎదుట పెట్టు ఏర్పాటు - ఈ నాలుగును లేని శాంతి రెండు కాల్పుల నడుమ విరామము మాత్రమే. 2004లో ఆంధ్రప్రదేశమున జరిగినది అట్టి విరామమే. లొంగుబాటుల పేర నేడు జరుగుచున్న దానికిని ఆ గతి పట్టకూడదు.

వర్తకుని లెక్క

మేము నూలును, కైలీలును అమ్మి బ్రతుకువారము. రాజనీతి శాస్త్రము చదివినవారము కాము. అయినను ఒప్పందమనగా నేమో వర్తకునికి తెలిసినంతగా మరియొకరికి తెలియదని చెప్పుటకు జంకము. అప్పు పత్రము వ్రాయునపుడు అసలెంత, వడ్డీ యెంత, వాయిదా ఎప్పుడు, సాక్షులెవరు, వాయిదా తప్పిన ఎవరి కడకు పోవలెను అని అయిదు ప్రశ్నలకు అందులో జవాబుండవలెను. ఒక్కటి లోపించినను ఆ కాగితము పొట్లము కట్టుకొనుటకే పనికివచ్చును.

"వారిని నమ్ముటెట్లు?" అని శాంతి చర్చలను వెక్కిరించువారు అడుగుదురు. ఇది తలక్రిందులైన ప్రశ్న. ఒకరినొకరు నమ్ముకొన్న అన్నదమ్ములకు నోటిమాట చాలును. నమ్మకము లేనిచోటనే పత్రము కావలెను, సాక్షి కావలెను, తూకము వేయుటకు మూడవవాడు కావలెను. అమ్మువాడు తన రాయిని, కొనువాడు తన రాయిని తెచ్చుకొన్న సంతలో బేరము సాగునా? ముద్ర వేసిన రాయి ఉన్ననే ఉభయులును ఒప్పుకొందురు. తిరుగుబాటు వర్గముతో ప్రభుత్వము చేసికొను ఏర్పాటునకు మొదటి అవసరము ఆ ముద్ర వేసిన రాయి. పరస్పర విశ్వాసము తరువాత వచ్చును. రాకున్నను బేరము చెడదు.

2004లో జరిగినదేమి?

జ్ఞాపకము తప్పినవారి కొఱకు కొన్ని సంగతులు వరుసగా చెప్పెదము. 1997లో హైదరాబాదున పౌర స్పందన వేదిక యను పేర కొందరు పెద్దలు కూడి, ఇటు పోలీసుల ఎదురుకాల్పులను, అటు పీపుల్స్ వార్ వారి హత్యలను సమానముగా ప్రశ్నింప మొదలిడిరి. వారికి సారథి ఎస్.ఆర్. శంకరన్ గారు. ఆయన తంజావూరు జిల్లాలో జన్మించిన తమిళుడు, ఆంధ్రప్రదేశమున ఐ.ఏ.ఎస్. ఉద్యోగిగా జీవితమంతయు బీదసాదలకు ధారవోసినవాడు. 1987 డిసెంబరులో తూర్పు గోదావరి మన్యమున గుర్తేడు కడ నక్సలైట్లు ఆయనను మరికొందరు అధికారులతో కూడ నిర్బంధించిరి. తన్ను బందీ చేసినవారితోనే శాంతి మాట నడపుటకు ఆ మహనీయుడు పూనుకొనెను. తమిళదేశమున తెలుగువారమై బ్రతుకుచున్న మనకు, తెలుగుదేశమున తమిళుడై బ్రతికి ఇంతటి పని చేసిన ఈయన పేరు తెలియకుండుట న్యాయము కాదు.

2002లో ఒక ప్రయత్నము జరిగి విఫలమయ్యెను. 2003 అక్టోబరు 1న, తిరుమల బ్రహ్మోత్సవములకు పోవుచున్న ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు గారి బండ్లను అలిపిరి కడ మందుపాతరలతో ప్రేల్చిరి. ఆయన ప్రాణములతో బయటపడెను. మన ఇండ్లనుండి ఏటేట తిరుపతికి పోవని కుటుంబము లేదు. ఆ త్రోవ మన త్రోవయే. "వారి గొడవ" మన కాళ్ళ క్రిందికి వచ్చుటకు అంతకన్న నిదర్శనము కావలెనా?

2004 మే నెలలో ప్రభుత్వము మారెను. రాజశేఖరరెడ్డి గారు ముఖ్యమంత్రి అయిరి. కాల్పులు ఆగినవి. జూలైలో నిషేధము గడువు తీరగా దానిని పొడిగింపలేదు. అక్టోబరులో నల్లమల అడవినుండి రామకృష్ణ, సుధాకర్, గణేశ్ అను పేర్లతో పీపుల్స్ వార్ నాయకులును, జనశక్తి పక్షమున అమర్, రియాజ్ అనువారును బయటికి వచ్చిరి. ఆ నెల 15 మొదలు 18 వరకు హైదరాబాదులో హోంమంత్రి జానారెడ్డి గారు తక్కిన మంత్రులతో కూడి వారితో చర్చించిరి. శంకరన్ గారు, కన్నబిరాన్ గారు, పత్రికా సంపాదకులు పొత్తూరి వేంకటేశ్వరరావు గారు మొదలగువారు మధ్యవర్తులుగ నుండిరి. భూమి పంపకము, ప్రజాస్వామిక హక్కులు, ఆయుధములతో గ్రామములలో తిరుగుట - ఇవి ముఖ్యాంశములు. మొదటి రెంటి మీద మాట సాగెను. మూడవదాని మీద ముడి పడెను. "తుపాకి లేకుండ రండి" అని ప్రభుత్వమనెను. "తుపాకి వదలము" అని వారనిరి. రెండవ విడత చర్చలు జరుగనేలేదు.

డిసెంబరు మధ్యలో విరమణ గడువు ముగిసినది. 2005 జనవరిలో ఎదురుకాల్పులు మరల మొదలయ్యెను. ఆ నెలలోనే మావోయిస్టులు చర్చలనుండి తప్పుకొన్నట్లు ప్రకటించిరి. జూలైలో రియాజ్ పోలీసు కాల్పులలో మరణించెను. ఆగస్టు 15న, స్వాతంత్ర్య దినోత్సవము నాడు, మక్తల్ శాసనసభ్యుడు నర్సిరెడ్డి గారిని నారాయణపేటలో మావోయిస్టులు కాల్చి చంపిరి. ఆయన కుమారుడును, మరికొందరును ఆ కాల్పులలోనే ప్రాణములు విడిచిరి. రెండు దినములకు నిషేధము తిరిగి వచ్చెను. ఎక్కడ మొదలయ్యెనో అక్కడికే కథ చేరెను.

తప్పెవరిది? విరమణ కాలములో దళములు గ్రామములలో ఆయుధములతో తిరిగి చందాలు వసూలు చేసినవని పోలీసులు చెప్పిరి. పోలీసులు గాలింపు ఆపలేదని మావోయిస్టులు చెప్పిరి. రెండు ఫిర్యాదులును కాగితముల మీద ఉన్నవి. ఆ ఫిర్యాదులను చేతబట్టుకొని, ఊరికి పోయి విచారించి, ఇది నిజము, ఇది అబద్ధమని ఉభయులను కట్టుబడునట్లు తీర్పు చెప్పగల అధికారము గలవాడెవ్వడును లేకపోయెను. మధ్యవర్తులకు గౌరవముండెను; అధికారము లేకుండెను. పెద్దమనిషి అరుగు మీద కూర్చుండును. ఆయన మాట వినువాడు వినును, విననివాడు తువాలు దులుపుకొని లేచిపోవును. ఏబది ఏండ్ల పగను అరుగు మీద తీర్పవచ్చుననుకొనుటయే ఆనాటి లోపము.

ఆ బల్లకు అవతలి ప్రక్కన కూర్చున్నవారి గతియు చూడుడు. రియాజ్ 2005లోనే పోయెను. రామకృష్ణ 2021 అక్టోబరులో అడవిలోనే జబ్బుచేసి మరణించెను. సుధాకర్, గణేశ్ ఇరువురును 2025 జూన్ నెలలో, ఒకే నెలలో, కాల్పులలో చనిపోయిరి. వారిని మేము పొగడుటలేదు. వారి మార్గమును మేమెన్నడును మెచ్చలేదు. కాని ఒక మాట అడుగుచున్నాము. 2004 అక్టోబరునకును, 2025 జూనునకును నడుమ ఇరువదియొక్క ఏండ్లలో మరణించిన పోలీసులు, దళసభ్యులు, ఇన్‌ఫార్మర్లని ముద్ర వేయబడి గొంతు కోయబడిన గిరిజనులు - వీరందరి ప్రాణములును ఒక తనిఖీ సంఘమునకు అయ్యెడి ఖర్చు పాటి చేయవా?

ఎదిరిపక్షము వాదము

మా మాటకు అడ్డు చెప్పువారి వాదమును మరుగుపరుపము. వారు మూడు మాటలు చెప్పుదురు.

మొదటిది: "విరమణ కాలమును వారు బలము కూర్చుకొనుటకు వాడుకొనిరి." నిజమే. చర్చలకు ముందటి నెలలోనే పీపుల్స్ వార్, ఎం.సి.సి. అను రెండు వర్గములు ఏకమై మావోయిస్టు పార్టీగా ఏర్పడిన మాట నిజము. దానిని చర్చలకు ముందటి దినము ప్రకటించిన మాటయు నిజము. కాని ఇది మా వాదమునకే బలము. ఆయుధమెక్కడ నున్నది, మనిషి ఎక్కడ నున్నాడు అని లెక్క వ్రాయు ఏర్పాటు లేనినాడు ఎవడైనను విరామమును వాడుకొనును. దొంగలున్నారని బజారు మూసివేయుదుమా, తలుపునకు తాళము వేయుదుమా?

రెండవది: "హత్యలు చేసినవారితో సమానముగా కూర్చుండిన ప్రభుత్వము పరువేమి కావలెను?" ప్రభుత్వము పరువు మాట తప్పినపుడు పోవును, మాటలాడినపుడు పోదు. మిజోరము సంగతి చూడుడు. 1966లో తిరుగబడి ఇరువది యేండ్లు పోరాడిన లాల్‌డెంగాతో భారత ప్రభుత్వము 1986 జూన్ 30న ఒప్పందము చేసికొనెను. ఆయుధములు అప్పగింపబడినవి. ఆగస్టులో ఆయన ముఖ్యమంత్రి అయ్యెను. 1987 ఫిబ్రవరి 20న మిజోరము రాష్ట్రమయ్యెను. వారి భూమికిని, ఆచారములకును రాజ్యాంగములో ప్రత్యేకాధికరణము చేర్పబడెను. రెండేండ్లు తిరుగకుండ లాల్‌డెంగా పదవి పోయెను. అయినను ఆయన మనుష్యులు అడవికి తిరిగి పోలేదు. ఏలన, వ్రాసిన షరతులు ఒక్కొక్కటే వారి కన్నుల ఎదుట నెరవేరుచుండెను. ఇందువలన భారత ప్రభుత్వము పరువు తగ్గినదని ఈ నలుబది యేండ్లలో ఎవరైనను చెప్పగా వింటిమా?

మూడవది: "ఇప్పుడు వారి పని అయిపోయినది. ఇక ఎవరితో ఒప్పందము?" ఇదియే నేడు బలముగ వినబడు మాట. 2025 మే 21న ఆ పార్టీ ప్రధాన కార్యదర్శి, శ్రీకాకుళము వాసి నంబాళ్ళ కేశవరావు ఛత్తీస్‌గఢ్ అడవిలో చంపబడెను. అక్టోబరులో పెద్దపల్లి వాసి మల్లోజుల వేణుగోపాలరావు అరువదిమందితో గడ్చిరోలిలో ఆయుధములు అప్పగించెను. ఆయుధములు విడువనివారితో మాటలు లేవని కేంద్ర ప్రభుత్వము ఆ యేటనే స్పష్టపరచెను. ఇవన్నియు నిజములు. కాని దీనినుండి తీయుచున్న సారాంశము తప్పు.

అణచిన మాత్రమున తీరినదా?

తెలుగు మన్యము చరిత్ర ఒకసారి తిరుగవేసి చూడుడు. 1879లో రంప పితూరీ. కల్లు మీద పన్ను, మన్సబుదారు దోపిడి దానికి కారణములు. దొరలు సైన్యము తెచ్చి అణచిరి. 1922లో అదే మన్యమున అల్లూరి సీతారామరాజు లేచెను. అడవి చట్టములు, రోడ్డు పనిలో వెట్టి కారణములు. 1924 మేలో ఆయనను కాల్చి చంపి, తీరినదనిరి. 1967లో శ్రీకాకుళము కొండలలో భూమి కొఱకు గిరిజనులు లేచిరి. 1970 నాటికి నాయకులను మట్టుపెట్టి, తీరినదనిరి. ఆ యేటనే 1/70 నిబంధన అను గొప్ప చట్టమును తెచ్చిరి. గిరిజన ప్రాంతములలో భూమి గిరిజనునికి తప్ప అన్యులకు చేరరాదని దాని సారము. కాగితము బంగారమువంటిది. అమలు? ఆ చట్టము వచ్చిన పదేండ్లకే, అది వర్తించు గోదావరి తీరపు అడవులలోనికి పీపుల్స్ వార్ దళములు ప్రవేశించి, అడుగు పెట్టిన చోటనెల్ల అన్నము పెట్టు ఇల్లు దొరికినదే, అది ఎందుచేత? ఎక్కడ చట్టము నిద్రపోయెనో అక్కడ తుపాకి మేలుకొనెను.

మన జిల్లాయు దీనికి బాహ్యము కాదు. 1980 ఆగస్టులో తిరుపత్తూరులో నక్సలైటు బాంబు ప్రేలి పోలీసులు ప్రాణములు కోల్పోయిరి. ఆపై ఉత్తర ఆర్కాడు, ధర్మపురి జిల్లాలలో పోలీసు చర్య ఎంత తీవ్రముగా జరిగెనో పెద్దలకు జ్ఞాపకమే.

కావున "ఎవరితో ఒప్పందము?" అనువారికి మా జవాబిది. తుపాకి పట్టినవాడు పోయినను అతనికి అన్నము పెట్టిన ఊరు ఉన్నది. ఆ ఊరితో ప్రభుత్వము చేసిన ఒప్పందములు చట్టముల రూపమున ఇదివరకే ఉన్నవి. 1996లో గ్రామసభలకు అధికారమిచ్చిన పెసా చట్టము, 2006లో వచ్చిన అటవీ హక్కుల చట్టము, 1/70 నిబంధన. అట్లే 2004 చర్చల వెంటనే, ఆ డిసెంబరులో, భూమి సమస్యపై కోనేరు రంగారావు గారి అధ్యక్షతన సంఘము ఏర్పడెను. 2006లో 104 సిఫారసులతో నివేదిక ఇచ్చెను. చర్చలవలన పుట్టిన మేలు ఏదైన ఉన్న అది ఆ నివేదికయే. చర్చలు చెడినను ఆ సిఫారసులు చెడలేదు. వాటిని ఒక్కొక్కటిగ తీసి, ఇది జరిగినది, ఇది జరుగలేదు, ఇందుకు కారణమిది అని ఏటేట ప్రజలకు లెక్క చెప్పుటకు ఏ ప్రభుత్వమునకు అడ్డేమున్నది?

అట్లే లొంగిపోయినవారి సంగతి. వారికి డబ్బు, ఇల్లు, రక్షణ ఇత్తుమని ప్రభుత్వములు వాగ్దానము చేసినవి. ఇదియు ఒప్పందమే. దక్షిణ అమెరికాలో కొలంబియా ప్రభుత్వము 2016 నవంబరులో ఫార్క్ అను తిరుగుబాటు సైన్యముతో ఒప్పందము చేసికొనెను. ఆ సైన్యము ఆయుధములు అప్పగించెను. ఐక్యరాజ్యసమితి పరిశీలకులు ఉండియు, ఆనాటినుండి ఆయుధము విడిచిన మాజీ సైనికులు నాలుగు వందలకు పైగా హత్యకు గురియైరి. పరిశీలకులున్నచోటనే ఇట్లయినచో, లేనిచోట గతి యేమి? నేడు అడవి విడిచి వచ్చిన గిరిజన యువతికి రేపు ఏ ఊరిలో ఇల్లు, ఏ పని, ఏ రక్షణ? దీనికి నెలనెలా లెక్క చూచువారు లేనిచో, మరల అడవికి పోవువారుందురు. పోకున్నచో దిక్కులేని చావు చచ్చువారుందురు.

కోటగోడ చెప్పు పాఠము

అమలు లేని ఒప్పందమునకు ఫలమేమో చూచుటకు మనము దూరదేశములకు పోనక్కరలేదు. వేలూరు చాలును.

1815లో సింహళదేశమున కండి రాజ్యమును ఆంగ్లేయులు పట్టుకొని, అక్కడి దొరలతో ఒడంబడిక వ్రాసికొనిరి. రాజ్యము పోగొట్టుకొన్న శ్రీ విక్రమ రాజసింహుడు దక్షిణదేశపు నాయకర్ల సంతతివాడు. ఆయనను తెచ్చి ఉంచినది మన వేలూరు కోటలో. 1832లో మరణించినది ఇక్కడనే. పాలారు ఒడ్డున ఆయన సమాధి నేటికిని ఉన్నది. ఆ ఒడంబడిక ఎన్నాళ్ళు నిలిచెను? మూడేండ్లు. 1817లో తిరుగుబాటు రాగా, దానిని సాకుగ చేసికొని 1818 నవంబరు ప్రకటనతో దొరల హక్కులను ఆంగ్లేయులు కోసివేసిరి.

నూటడెబ్బదియేండ్ల తరువాత ఆ లంకలోనే మరియొక ఒప్పందము. 1987 జూలై 29న కొలంబోలో రాజీవ్ గాంధి గారును, జయవర్ధనే గారును సంతకములు చేసిరి. ఆయుధము పట్టినది పులులు. సంతకము చేసినది రెండు ప్రభుత్వములు. అప్పు ఒకరిది, పత్రము వేరొకరిది! డెబ్బది రెండు గంటలలో ఆయుధములు అప్పగింపబడునని వ్రాసిరి. నెలలు తిరుగకుండ మన సైనికులే అక్కడ పోరవలసి వచ్చెను. వెయ్యిమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. 1991లో శ్రీపెరుంబుదూరులో రాజీవ్ గాంధి గారే బలియైరి. 1995 ఆగస్టులో మన వేలూరు కోటలో నిర్బంధింపబడిన పులులు 43 మంది సొరంగము త్రవ్వి పారిపోయిరి. ఆ ఒప్పందము ప్రకారము రాజ్యాంగ సవరణ జరిగి రాష్ట్ర మండలులు ఏర్పడినవి గాని, ఉత్తర మండలికి మొదటి ఎన్నిక 2013లో గాని జరుగలేదు. భూమి, పోలీసు అధికారములు చేతికి రాలేదు. 2018లో దాని గడువు తీరిన పిదప ఏండ్ల తరబడి మరల ఎన్నిక జరుగలేదు. నడుమ 2002లో నార్వే మధ్యవర్తిత్వమున మరియొక విరమణ. దానికి పరిశీలకులుండిరి గాని, ఉల్లంఘనలను లెక్కించుటయే తప్ప ఆపు శక్తి వారికి లేకుండెను. 2008లో ప్రభుత్వము దానిని రద్దు చేసెను. 2009 మేలో ఆ యుద్ధము ఎట్లు ముగిసెనో లోకమెరుగును.

ఆ ఒప్పందముల అప్పు ఇంకను మన ఊళ్ళలో కనబడుచున్నది. వేలూరు కడ మేల్‌మొణవూరులో లంకనుండి వచ్చిన శరణార్థుల శిబిరమున్నది. 2021 నవంబరులో ముఖ్యమంత్రి స్టాలిన్ గారు అక్కడనే శరణార్థులకు క్రొత్త ఇండ్ల పథకమునకు శంకుస్థాపన చేసిరి. మంచి పనియే. కాని 1987 కాగితము నెరవేరియుండినచో, ఆ బిడ్డల కుటుంబములు తమ ఊళ్ళలోనే ఇండ్లు కట్టుకొనియుండెడివి.

దీనికి భిన్నముగ నేపాళమును చూడుడు. 2006 నవంబరు 21న అక్కడి ప్రభుత్వమును, మావోయిస్టులును సమగ్ర శాంతి ఒప్పందము చేసికొనిరి. తిరుగుబాటు సైనికులు నిర్ణీత శిబిరములలో చేరిరి. ఆయుధములను పెట్టెలలో పెట్టి తాళము వేసిరి. తాళపుచెవి మావోయిస్టుల కడ, కాపలా ఐక్యరాజ్యసమితి కడ. ఉభయుల పరువును నిలిపిన ఉపాయమిది! 2004లో హైదరాబాదున "తుపాకి వదలుడు - వదలము" అని పడిన ముడికి సరిపోవు జవాబు రెండేండ్లు దాటగనే మన పొరుగుననే దొరికినది. సైనికులను ఒక్కొక్కరిని విచారించి 19,602 మందిని పట్టికలో చేర్చిరి. 2012 నాటికి కొందరు సైన్యములో చేరిరి, పెక్కురు ధనము తీసికొని ఇండ్లకు పోయిరి. అక్కడను లోపములున్నవి. చనిపోయినవారి, మాయమైనవారి కుటుంబములకు న్యాయము చేయుదుమన్న షరతు ఏండ్ల తరబడి వెనుకబడినది. అయినను యుద్ధము తిరిగి రాలేదు.

మనకేమి పని?

ఇపుడు "మనకేమి?" అన్న ప్రశ్నకు జవాబు. పాఠక సోదరులారా, కాగితము మీది హామీతో బ్రతుకుట ఎట్టిదో మనకన్న బాగుగ తెలిసినవారెవరు? రాజ్యాంగమునకు 1956లో చేసిన ఏడవ సవరణలో 350-ఎ అధికరణము చేరినది. అల్పసంఖ్యాక భాషల బిడ్డలకు ప్రాథమిక విద్య మాతృభాషలో గరపుటకు రాష్ట్రములు ప్రయత్నింపవలెనని దాని ఆదేశము. 350-బి ప్రకారము ఇందుకొక ప్రత్యేకాధికారి ఉండును. ఆయన నివేదిక వ్రాయగలడు, ఆజ్ఞ ఇవ్వలేడు. ఆ నివేదిక రాష్ట్రపతికి పోవును, పార్లమెంటు బల్లమీద పడును. మన ఊళ్ళలో తెలుగు ఉపాధ్యాయుడు పదవీ విరమణ చేసిన పిదప ఆ స్థానము ఖాళీగనే యుండును. 2006లో తమిళమును అన్ని బడులలో తప్పనిసరి చేయు చట్టము వచ్చినపుడు, మన బిడ్డలు తమ భాషలో పరీక్ష వ్రాయు వీలు కొఱకు అల్పసంఖ్యాకులు ఏటేట న్యాయస్థానము మెట్లెక్కవలసి వచ్చెను.

నీటి సంగతియు అంతే. మోర్ధానా ఆనకట్టకు చేరు కౌండిన్య జలము చిత్తూరు జిల్లా కొండలనుండి దిగివచ్చును. మనకు సరిహద్దు రేఖ పటములో నున్నది, నీటికి లేదు. పాలారు విషయమై మైసూరు, మద్రాసు ప్రభుత్వములు 1892లో చేసికొన్న ఒప్పందమున్నది. 2016లో పుల్లూరు అడ్డుకట్టను ఆంధ్ర ప్రభుత్వము అయిదడుగులనుండి పండ్రెండడుగులకు పెంచినపుడు, ఇచటి రైతులు ఆ పాత కాగితమును చూపి మొరపెట్టుకొనిరి. న్యాయమెవరిదో తేల్చుట న్యాయస్థానము పని. ఒప్పందమునకు నూటయిరువదినాలుగేండ్లు నిండినను, ఉభయులకును కట్టుబాటైన తనిఖీదారుడు గట్టు మీద లేడనుట మాత్రము అందరకును కనబడు సత్యము.

అడవిలోని గిరిజనునికి 1/70, మనకు 350-ఎ. అతని చేతికి తుపాకి ఇచ్చువాడు వచ్చెను. మన చేతిలో అర్జీ తప్ప మరేదియు లేదు, ఉండకూడదు. అర్జీనే నమ్ముకొన్నవారము గనుక, అర్జీకి బదులు రావలెనని పట్టుబట్టు హక్కు మనకు అందరికన్న ఎక్కువ. వ్రాసిన మాటను అమలు జరుపు అలవాటు ప్రభుత్వమునకు ఒకచోట పడిన, అన్నిచోట్లకును వచ్చును. ఒకచోట అమలు ఎగవేయుటకు అలవాటుపడినది అన్నిచోట్లను ఎగవేయును.

ఏమి చేయవలెను?

కావున మేము కోరునవి ఇవి. మొదటిది, లొంగిపోయిన ప్రతివానికిని ప్రభుత్వము ఇచ్చిన హామీలు గడువులతో సహా వ్రాతమూలముగ ఇవ్వబడవలెను. అవి నెరవేరినవా లేదా అని చూచుటకు విశ్రాంత న్యాయమూర్తి నాయకత్వమున సంఘము ఉండవలెను. ఆ సంఘమునకు కాగితములు తెప్పించుకొని చూచు అధికారమును, మూడు నెలలకొకసారి నివేదిక పత్రికలకు ఇచ్చు బాధ్యతయు ఉండవలెను. రెండవది, ఇంకను అడవిలో మిగిలినవారు విరమణ కోరినచో, నేపాళపు పద్ధతిని తాళము, కాపలా వేర్వేరు చేతులలో ఉంచి, 2004 లోపమును దిద్దవలెను. మూడవది, కోనేరు రంగారావు సంఘము 104 సిఫారసుల స్థితిని ఆంధ్ర, తెలంగాణ ప్రభుత్వములు రెండును అంశవారీగ ప్రకటింపవలెను. నాలుగవది, పోలీసుల చేతనైనను, దళముల చేతనైనను ఇంటివారిని పోగొట్టుకొన్న కుటుంబములకు సమానముగ పరిహారము, సమానముగ విచారణ ఉండవలెను. చంపినవాడెవడైనను తల్లి కన్నీరొక్కటే.

మన సంఘము రాబోవు సమావేశమున ఈ నాలుగింటిని తీర్మానముగ ఆమోదించి, ఇరు రాష్ట్రముల ముఖ్యమంత్రులకును, కేంద్ర హోంమంత్రికిని పంపవలెనని ప్రతిపాదించుచున్నాము. "ఇంత చిన్న సంఘము వ్రాసిన ఉత్తరమును ఎవరు చదువుదురు?" అని నవ్వువారుందురు. వ్రాయనిచో చదువువారుండరన్నది మాత్రము నిశ్చయము. సభ్యులందరును ఆనాటికి తప్పక విచ్చేసి, ఒప్పుకొన్నవారు ఒప్పుకొని, కాదన్నవారు కారణము చెప్పి, తీర్మానము కాగితము మీద తమ తమ చేవ్రాలు ఉంచవలసినదిగా ప్రార్థించుచున్నాము. పంపిన పిదప ఆరు నెలలకు, బదులు వచ్చినదా లేదా అని ఈ పత్రికలోనే లెక్క చెప్పెదము. ఇతరులను అడుగుచున్న లెక్కను మనమును ఒప్పచెప్పవలెను గదా.